వేలికొసకు తెలిసేది తీగే

“కార్బన్ ఫైబర్ గిటార్ కొంటే వేళ్ల నొప్పి తగ్గుతుందా?” గిటార్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు రెండో వారంలో వచ్చే ప్రశ్న ఇది. తగ్గొచ్చు. కానీ ఆ పుణ్యం నేరుగా కార్బన్‌ది కాదు. వేలికొసకు తగిలేది తీగ. ఆ తీగ వెనకాల ఉన్నది చెక్కో, కార్బనో దానికి పట్టదు. కార్బన్ చేసే మేలు ఒకటి ఉంది, అది చుట్టుతిరిగి వస్తుంది.

ముందు నొప్పి లెక్క చూద్దాం. మామూలు స్టీలు తీగల గిటార్‌లో అన్నిటికన్నా సన్నని తీగ మందం దాదాపు 0.3 మిల్లీమీటర్లు. దాని బిగుతు 10 కిలోల పైమాటే. ఆరు తీగలూ కలిస్తే 70 కిలోలు దాటుతుంది. ఆ సన్న తీగను 200 గ్రాముల బలంతో నొక్కారనుకుందాం. పెద్ద బలమేమీ కాదు. కానీ అదంతా వేలి మీద 0.3 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక సెంటీమీటరు పొడవు ఉన్న గీత మీదే పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు ఆరున్నర కిలోల పైన. కారు టైర్లో ఉండే గాలి ఒత్తిడికి ఇది దాదాపు మూడు రెట్లు! నైలాన్ తీగలు నొప్పి పెట్టకపోవడానికి కారణమూ ఇదే. అవి లావు, పైగా బిగుతు తక్కువ.

ఈ ఒత్తిడికి చర్మం ఇచ్చే జవాబే కాయ. చేతులు కాయలు కాశాయంటాం చూడండి, ఆ మాట చాలా సరైనది. కాయ పైనుంచి వచ్చి అంటుకునేది కాదు, లోపలి నుంచి కాసేది. చర్మం పైపొరకు అడుగున ఉన్న కణాలు విభజన చెందుతూ మెల్లగా పైకి జరుగుతాయి. దారిలో కెరాటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో నిండి, చచ్చి, పైన పెంకుల్లా పేరుకుంటాయి. ఈ ప్రయాణానికి మామూలుగా నాలుగు వారాలు పడుతుంది. ఒకే చోట పదేపదే ఒత్తిడి పడితే అడుగున కొత్త కణాల తయారీ జోరందుకుంటుంది, పైన పెంకులు రాలడం తగ్గుతుంది. మందం పెరుగుతుంది. అప్పుడు తీగ ఒత్తిడి ఒక్క గీత మీద కాకుండా కింద విశాలంగా పరుచుకుంటుంది. వేలు మొద్దుబారిపోయి నొప్పి తగ్గడం కాదన్నమాట, బరువు పంచుకోబట్టి తగ్గడం.

అయితే చర్మానికి వ్యవధి కావాలి. తొందరపడి ఒకేరోజు మూడు గంటలు వాయిస్తే రాపిడికి పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి, మధ్యలో నీరు చేరి బొబ్బ లేస్తుంది. బొబ్బ పగిలితే కాయ సంగతి మళ్లీ మొదటికే. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున రెండు మూడు సార్లు వాయించడం మేలు. స్నానం చేసిన వెంటనే గిటార్ పట్టుకోకండి. కెరాటిన్ నీళ్లు పీల్చి మెత్తబడుతుంది, తీగ దాన్ని కోసినంత పని చేస్తుంది.

ఇప్పుడు అసలు గమ్మత్తు. గిటార్ మెడను నెక్ అంటారు, దాని మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు ఫ్రెట్లు. తీగ ఫ్రెట్ మీద నుంచి ఎంత ఎత్తులో ఉందో చెప్పే మాట యాక్షన్. దాన్ని అందరూ 12వ ఫ్రెట్ దగ్గర కొలుస్తారు, అక్కడ 2 మిల్లీమీటర్లుంటే బాగుందంటారు. కానీ కొత్తవాళ్లు వాయించేదంతా మొదటి మూడు ఫ్రెట్ల దగ్గరే. తీగను దాని చివరకు దగ్గరగా నొక్కితే చాలా గట్టిగా ఎదురు తిరుగుతుంది. మొదటి ఫ్రెట్, నెక్ చివర తీగలు ఆనే నట్‌కు 36 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. లెక్క కడితే అక్కడ కేవలం అర మిల్లీమీటరు ఖాళీని మూయడానికి, 12వ ఫ్రెట్ దగ్గర 2 మిల్లీమీటర్లు మూయడానికి కావలసినదానికన్నా కాస్త ఎక్కువ బలమే కావాలి. నట్‌లోని గాడి లోతుగా కొయ్యకపోతే ఎంత ఖరీదైన గిటారైనా వేళ్లను ఏడిపిస్తుంది. తేల్చుకోవడం సులువు. మొదటి ఫ్రెట్‌కు కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్) పెట్టి, తీగలను అర స్వరం దించి వాయించండి. ఒక్కసారిగా హాయిగా అనిపిస్తే దోషం చాలావరకు నట్‌ది. (అర స్వరం దించడం వల్లే బిగుతు 11 శాతం తగ్గుతుంది కాబట్టి, కేపో లేకుండా దించి కూడా ఒకసారి పోల్చుకోండి.)

కార్బన్ రంగంలోకి వచ్చేది ఇక్కడ. చెక్క గాలిలో తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. ఉబ్బుతుంది, కుదించుకుపోతుంది. దాంతో నెక్ వంపు మారి, మీరు ముచ్చటపడి సరిచేయించుకున్న యాక్షన్ వాతావరణం మారేసరికి చెదిరిపోతుంది. కార్బన్ నెక్‌లో వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని పోగులు రెసిన్ అనే గట్టిపడిన జిగురులో బిగుసుకుని ఉంటాయి. వేడికి పోగు పొడవు దాదాపు మారదు, తేమ ప్రభావం కూడా నామమాత్రమే. 1980 ప్రాంతంలో నెడ్ స్టెయిన్‌బర్గర్ తల లేని బేస్ గిటార్‌ను ఇలాంటి మిశ్రమంతో చేయడానికి ఈ బిర్రుతనమూ ఒక కారణం. తీగల ఎత్తును ఒకసారి బాగా తగ్గించి పెట్టుకుంటే అది అలాగే నిలుస్తుంది. వేళ్లకు దక్కే లాభం అదే. సరిగ్గా పెట్టకుండా వదిలేస్తే, ఆ ఇబ్బంది కూడా అంతే స్థిరంగా నిలుస్తుందనుకోండి.

నెక్ సౌఖ్యం మాత్రం వేరే కథ. అది పదార్థం కన్నా ఆకారం మీద ఎక్కువ ఆధారపడుతుంది. వెనక గుండ్రనం ఎంత, నట్ దగ్గర వెడల్పు 43 మిల్లీమీటర్లా 44 దాటిందా, మీ అరచెయ్యి ఎంత. చెక్క నెక్ లావుగా అనిపిస్తే చేయి తిరిగిన పనివాడు కాస్త చెక్కి సన్నం చేయగలడు. కార్బన్‌ను అలా చెక్కడం కుదరదు, పోగులు తెగితే బలమే పోతుంది. పైగా కొన్ని కార్బన్ మోడళ్లలో నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్ ఉండదు. అచ్చులో వచ్చిందే వంపు. నిగనిగలాడే పాలిష్ ఉన్న నెక్ అయితే ఇంకో చికాకు. చెమట పట్టిన చర్మం నున్నటి ఉపరితలానికి అంటుకుంటుంది, చెయ్యి పైకీ కిందకీ జారదు. మెరుపు తక్కువున్న నెక్ చూడటానికి సాదాగా ఉన్నా నా ఓటు దానికే.

కాబట్టి కొనేముందు షాపులో ఒక పాట వాయించి ఊరుకోకండి. ఇరవై నిమిషాలు కూర్చుని, ఎడమ బొటనవేలి మొదట్లో ఉన్న కండను గమనించండి. వేలికొసల మంట కాయ కాసేదాకే ఉంటుంది. ఆ కండ లాగుతుంటే నెక్ ఆకారం మీ చేతికి పడలేదన్నా అయ్యుండాలి, మీరు అవసరానికి మించి పిండుతున్నారన్నా అయ్యుండాలి. ఈ రెండిట్లో ఏదో తెలియాలంటే బొటనవేలిని నెక్ మీద నుంచి పూర్తిగా తీసేసి, చేతి బరువుతోనే ఒక కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) నొక్కి చూడండి. అప్పుడూ స్వరం శుభ్రంగా పలికితే ఇన్నాళ్లూ ఎక్కువ పిండుతున్నట్టే. అలాంటప్పుడు ఇంకో గిటార్ కొనాల్సిన పని లేదు.