చెరువు బాతుల సంసారాలు

ఫాల్గుణం ముగిసి చైత్రం మొదలయ్యే రోజులలో దక్షిణ తెలంగాణ చెరువుల మీద రెండు వేర్వేరు పనులు ఒకేసారి సాగుతుంటాయి. చలికాలమంతా ఇక్కడ మేసిన సూదితోక బాతుల వంటి వలసపక్షులు గుడ్లు పెట్టడానికి ఉత్తరానికి తరలిపోతాయి. ఏడాది పొడవునా ఇక్కడే ఉండే మచ్చముక్కు బాతులు, ఈల బాతులు, మునుగుడు కోళ్లు, బొల్లికోళ్లు మాత్రం నీరు మిగిలిన చోటును వెతుక్కుంటాయి.

చల్లని దేశాలలో వసంతం రాగానే బాతుపిల్లలు కనిపిస్తాయని చదివినవారు మన దగ్గర కూడా అదే క్రమాన్ని ఆశిస్తారు. అక్కడ పగటి పొడవు పెరగడం పక్షి శరీరాన్ని గుడ్లకు సిద్ధం చేస్తుంది. మన మచ్చముక్కు బాతుకు నీరు, తుంగ, పురుగులు సమృద్ధిగా ఉండటమే ముఖ్యం కాబట్టి అది ఎక్కువగా వానలలోనూ, వానల తరువాతా గూడు కడుతుంది. నల్లగొండ పక్కన పానగల్లులో ఉన్న ఉదయ సముద్రం చెరువు, మధ్యయుగంలో ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటిది. నేడు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు ద్వారా దానికి కృష్ణా జలాలు అందుతున్నాయి. వాన మీద మాత్రమే ఆధారపడిన కుంటలు ఎండిపోతున్న సమయంలో ఇటువంటి చెరువులు నీటిపక్షులకు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

బాతుపిల్లలన్నీ ఒకే ఈడువిగా కనిపించడానికి చక్కని కారణం ఉంది. తల్లి సాధారణంగా రోజుకు ఒక గుడ్డు చొప్పున పెడుతుంది కానీ, గుడ్లన్నీ దాదాపు పూర్తయ్యే వరకు పొదగడం ప్రారంభించదు. అందువల్ల మొదటి గుడ్డుకూ చివరి గుడ్డుకూ మధ్య ఎన్నో రోజుల తేడా ఉన్నా, మచ్చముక్కు బాతు గూటిలో సుమారు 24 రోజులు పొదిగిన తరువాత పిల్లలు దాదాపు ఒకేసారి బయటపడతాయి. నూగుతో, తెరిచిన కళ్లతో పుట్టిన ఆ పిల్లలు ఒకటి రెండు రోజులలోనే తల్లి వెంట నీటిలోకి దిగుతాయి. పుట్టగానే ఎదుట కదిలే ప్రాణిని తల్లిగా గుర్తుపెట్టుకునే ఈ స్వభావాన్ని 1935లో కొన్రాడ్ లోరెంజ్ వివరించారు. జంతు ప్రవర్తన మీద చేసిన కృషికి 1973లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

మునుగుడు కోడి పద్ధతి దీనికి భిన్నం. అది నీటి మీద తేలే నాచుతో గూడు కట్టి, లేచి వెళ్లేటప్పుడు గుడ్లను అదే నాచుతో కప్పుతుంది. ముందుగానే పొదగడం మొదలుపెడుతుంది కాబట్టి పిల్లలు వేర్వేరు రోజులలో పుడతాయి. చారల తలలతో తల్లిదండ్రుల వీపు మీదకు ఎక్కుతాయి. ఈల బాతులలో ఆడా మగా రెండూ పొదిగే పనిని పంచుకుంటాయి. హిమాలయాలు దాటి దక్కను జలాశయాలకు వచ్చే పట్టెతల బాతులు మరో అడుగు ముందున్నాయి: వేసవిలో పుట్టిన పిల్లలు తొలి చలికాలం తల్లిదండ్రులతోనే గడుపుతాయి. తల మీద నల్లపట్టెలు ఇంకా తేరని పక్షి గుంపులో కనిపిస్తే అది ఆ ఏటి పిల్ల.

పది పిల్లలతో కనిపించిన తల్లి వెంట కొద్దిరోజులకు సగమే మిగలడం చూసి చాలామంది బాధపడతారు. గద్దలు, కాకులు, కుక్కలు, పాములు, నీటి అడుగు నుంచి కొర్రమట్టలు కూడా వాటిని పట్టుకుంటాయి. అన్ని గుడ్లు పెట్టడం ఈ నష్టాన్ని తట్టుకోవడానికే. జాలిపడి బ్రెడ్డు, మరమరాలు వేయడం మాత్రం వాటికి మేలు చేయదు. తొలి వారాలలో పిల్లలకు ఎదుగుదలకు కావలసిన మాంసకృత్తులు పురుగుల నుంచే అందాలి.

పిల్లలకు ఎగరడం రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. గుడ్లూ పిల్లల కాలం ముగిశాక ఎదిగిన బాతుల రెక్కల పెద్ద ఈకలన్నీ ఒకేసారి రాలిపోవడం వల్ల అవి కూడా కొన్ని వారాలపాటు ఎగరలేవు. ఈ కాలమంతా వాటి రక్షణ తుంగ, జమ్ము గుబురులే. చెరువుకట్టలను విహారస్థలాలుగా తీర్చిదిద్దేటప్పుడు గట్టు చుట్టూ నిటారుగా రాతికట్టు వేసి, గడ్డిని పూర్తిగా తొలగిస్తే, పిల్లలకు నీటి నుంచి పైకెక్కే దారీ, దాగే చోటూ రెండూ పోతాయి. కనీసం ఒక మూలన ఏటవాలు మట్టిగట్టునూ, దాని మీద పెరిగే తుంగనూ అలాగే ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.