రెండు రోజుల్లో రక్తం పట్టదండీ!

ఎత్తైన కొండలెక్కడానికి వెళ్ళేవాళ్ళను ముందుగా పరీక్షించి పంపడం నా పనిలో ఒక భాగం. వెళ్ళాక వాళ్ళ దగ్గర్నుంచి తరచూ వచ్చే మెసేజ్ ఇదే: "డాక్టర్ గారూ, వచ్చి రెండు రోజులే, హిమోగ్లోబిన్ 14 నుంచి 15.5కి వచ్చేసింది, ఒళ్ళు అలవాటు పడినట్టేగా, రేపు ఇంకా పైకి పోవచ్చా?"

పడలేదు. పోవద్దు.

మొదటి ఒకట్రెండు రోజుల్లో రక్తం పెరగదు సరికదా, తగ్గుతుంది. ఆక్సిజన్ చాలకపోయేసరికి కిడ్నీలు ఉప్పునూ నీటినీ ఎక్కువగా బయటికి పంపేస్తాయి, పొడిగాలిలో వేగంగా తీసే ఊపిరితో ఇంకొంత నీరు పోతుంది, అలా ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, 10 నుంచి 20 శాతం దాకా తగ్గిపోతుంది. క్లాసులోంచి కొందరు అబ్బాయిలు లేచి వెళ్ళిపోతే అమ్మాయిల శాతం పెరుగుతుంది, కొత్తగా ఒక్క అమ్మాయీ చేరకుండానే. ఇక్కడ అబ్బాయిలు ప్లాస్మా, అమ్మాయిలు హిమోగ్లోబిన్ ఉండే ఎర్రకణాలు. మీ రిపోర్టులో పెరిగింది ఆ శాతమే. అది చెడ్డదేం కాదు, ఒక్కో చుక్క కాస్త ఎక్కువ ఆక్సిజన్ మోస్తుంది. కానీ కొత్త రక్తం మాత్రం కాదు.

ఎర్రకణాలు తయారుచెయ్యమని చెప్పే హార్మోన్ ఎరిత్రోపొయిటిన్ కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, నిజమే. అయితే ఎముకల్లోని మజ్జ ఆ మాట విని కణాలు తయారుచేసి పంపాలి కదా? మొత్తం ఎర్రకణాలు చెప్పుకోదగ్గంత పెరగాలంటే వారాలు పడుతుంది. అందాకా మిమ్మల్ని నిలబెట్టేది ప్రధానంగా మీ ఊపిరి. అందుకే 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఆగమని చెప్తాం. తలనొప్పి, వాంతులు ఉంటే హిమోగ్లోబిన్ ఎంతున్నా పైకి కదలొద్దు. అడుగు తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి దిగాలి.

నేనూ ఇలా మోసపోయినవాణ్ణే. చదువుకునే రోజుల్లో మూడోరోజు నా రిపోర్టు చూసుకుని గొప్పగా చెప్తే, మా సీనియర్ ఒకాయన "ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్ళావు?" అని మాత్రం అడిగాడు. లెక్కపెట్టుకుంటే నవ్వొచ్చింది. ఆ రాత్రి తలనొప్పితో నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. లీటర్లకొద్దీ నీళ్ళు తాగితే ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాదనేది అబద్ధం, మరీ ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోతుంది. దాహానికి తగ్గట్టు తాగండి చాలు. ఐరన్ మాత్రలు లోపం ఉన్నవాళ్ళకే పనికొస్తాయి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి. ఎత్తులో పుట్టిన వాళ్ళందరికీ రక్తం చిక్కగానే ఉంటుందనుకోకండి, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల వాళ్ళతో పోలిస్తే టిబెటన్ల హిమోగ్లోబిన్ తక్కువ, అయినా వాళ్ళు చక్కగా బతుకుతున్నారు.

కిందికి దిగాక హిమోగ్లోబిన్ తగ్గిందని టెన్షన్‌తో వచ్చేవాళ్ళకూ ఒక మాట. పోయిన ప్లాస్మా కొన్ని రోజుల్లో తిరిగి వస్తుంది, పలచబడితే అంకె దిగుతుంది. ముందు మీ పాత రిపోర్టు కూడా పట్టుకురండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.