ఓడ దగ్గరికే వచ్చే బంకు

హైదరాబాద్

చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మెహదీపట్నంలో పెట్రోల్ బంకు దగ్గర వరుసలో నిలుచున్నప్పుడు, "తాతయ్యా, మరి ఓడలు ఎక్కడ ఆగి నూనె పోయించుకుంటాయి?" అని అడిగారు. హారన్ల మోతలో సరిగా చెప్పలేకపోయాను. ఓడల ఇంజన్ గదుల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాడిని, ఆ ప్రశ్నను అలా వదిలేయలేను.

ఓడ బంకుకు వెళ్లదు, బంకే ఓడ దగ్గరికి వస్తుంది. ఓడలకు ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఇంధనం అమ్మే రేవు సింగపూర్. ఏడాదికి 5 కోట్ల టన్నుల పైమాటే. అక్కడ లంగరేసిన పెద్ద ఓడ పక్కకు బార్జి, అంటే నూనె మోసుకొచ్చే పడవ, వచ్చి ఆనుకుంటుంది. లావుపాటి గొట్టం బిగిస్తారు. పగలైతే ఎర్ర జెండా, రాత్రయితే ఎర్ర దీపం పెడతారు. ఒలికినా చుక్క సముద్రంలో పడకుండా డెక్ మీది తూములన్నీ ముందే మూసేస్తారు. ఈ ఇంధనాన్ని బంకర్ అంటారు. ఓడలు బొగ్గుతో నడిచిన రోజుల్లో బొగ్గు నిలవచేసే గది పేరది.

చాలా ఓడలు వాడేది, ముడిచమురులోంచి పెట్రోలు, డీజిలు తీశాక అడుగున మిగిలే నల్లటి నూనె. చల్లబడితే పాకంలా బిగుసుకుంటుంది. అందుకే ట్యాంకుల్లోనే ఆవిరి గొట్టాలతో వెచ్చగా ఉంచుతారు. ఇంజన్‌లోకి పంపేముందు చాలాసార్లు 100 డిగ్రీలు దాటించాలి.

అసలు చిక్కంతా కొలతలోనే. వేడికి నూనె ఉబ్బి, అదే సరుకు ఎక్కువ లీటర్లుగా కనిపిస్తుంది. గాలి కలిస్తే నురగ. పాలు ఎత్తి పోస్తే గ్లాసు నిండి, నురగ దిగాక వెలితి కనిపించదూ, అలాగే! అందుకే లీటర్లలో కాక టన్నుల్లో లెక్క. మా రోజుల్లో ట్యాంకులోకి టేపు దింపి లోతు చూసి, వేడి కొలిచి, పట్టికలతో బరువు తేల్చేవాళ్లం. 2017 జనవరి 1 నుంచి ఓడల్లోకి పోసే నూనె బరువును నేరుగా చెప్పే మీటర్లను సింగపూర్ తప్పనిసరి చేసింది. అది చదివిన రోజు నాకెంత సంతోషమో!

నాకు మరీ ఇష్టమైనది నమూనా సీసా. నింపడం మొదలైనప్పటినుంచి ముగిసేదాకా చుక్కచుక్కగా పట్టి, సీలు వేసి, కనీసం ఏడాది దాచాలి. 2020 నుంచి ఇంధనంలో గంధకం పరిమితి 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గింది. పొగను కడిగే యంత్రం ఉన్న ఓడలకే మినహాయింపు. నూనెలో గంధకం ఎంతుందని తగాదా వస్తే ఆ సీసాయే సాక్షి.

ఆదివారం రండి. ఆవదాన్ని చల్లగా ఒకసారి, వెచ్చబెట్టి ఒకసారి గరిటెతో జార్చి చూపిస్తాను.

మీ తాతయ్య