చక్కెరపాకం నెత్తురు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచలో ఊరు దాటితే టేకు అడవే. ఎండాకాలం చీకటితోనే తునికాకు కోతకు వెళ్లేవాళ్లకు ఎలుగుబంటి అంటే నిజమైన భయం. అందులో సరదా ఏమీ లేదు. అదే ఇళ్లలో కుర్రాళ్లు రాత్రిపూట ఫోన్‌లో, అడవిలో దారి తప్పినవాళ్లను ఎవడో గొడ్డలితో నరికే సినిమా చూస్తారు. పెద్దవాళ్లు వస్తే గబుక్కున ఆపేస్తారు. ఆ నెత్తురు చూడబుద్ధేయడమేమిటని లోలోపల సిగ్గు.

మిరపకాయ బజ్జీ తినేవాళ్లందరిదీ ఇదే సంగతి. నాడుల్లో వేడిని పసిగట్టే గ్రాహకం దాదాపు 43 డిగ్రీలకు మేలుకుంటుంది. మిరపలో ఘాటునిచ్చే క్యాప్సైసిన్ దాన్నే తట్టి లేపుతుంది. నోరు కాలిందని నాడులు మొత్తుకుంటాయి, కాలలేదని మనకు తెలుసు. ఈ సుఖానికి మనస్తత్వవేత్త పాల్ రోజిన్ పెట్టిన పేరును ‘హాని లేని ఆత్మపీడన’ అనుకోవచ్చు. గొడ్డలి లేచినప్పుడూ అంతే. అడ్రినలిన్‌తో గుండె దడదడలాడుతుంది, కూర్చున్నది మాత్రం మన మంచం మీదే. ఎలుగుబంటి ముందు లేనిది ఆ మంచమే. మోతాదూ ముఖ్యమే. డెన్మార్క్‌లో 110 మందిని భూతాల కొంపలాంటి వినోదశాలలో తిప్పి గుండె వేగం కొలిచారు. 2020లో వెలువడిన ఆ ఫలితాల్లో, భయం మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా సరదా తగ్గింది.

ఇక ఆ నెత్తురు. దిష్టినీళ్లలా పసుపు, సున్నం కలిపితే ఎరుపొస్తుంది. కానీ నీళ్లలా జారిపోతుంది, నిమ్మరసం పడితే మళ్లీ పసుపే. అసలు నెత్తురు నీళ్లకంటే మూడు నాలుగు రెట్లు చిక్కన, అందుకే సినిమావాళ్లు పాకం వాడతారు. నాటకానికైతే కప్పు చక్కెర, అరకప్పు నీళ్లు మరిగించి, వేలికి జిగురు తగలగానే దించాలి. తీగపాకం వచ్చిందా, ఒంటిమీద బిరుసెక్కి పెళ్లలు కడుతుంది. చల్లారాక పావు చెంచా ఎర్ర ఫుడ్ కలర్, వేడినీళ్లలో కలిపిన అరచెంచా కోకో. కోకో మానేస్తే చర్మం కనబడుతూ షర్బత్‌లా ఉంటుంది. ఆలస్యమైతే చీమలు. ఇంత చేసినా ఒకచోట దొరికిపోతారు: అసలు నెత్తురు ఆరితే హిమోగ్లోబిన్ మారి గోధుమరంగుకు తిరుగుతుంది, పాకం ఎర్రగానే ఉంటుంది. తెల్లారినా హీరో చొక్కా నిగనిగలాడుతోందంటే మేకప్‌వాళ్లు బద్ధకించారన్నమాట.

నెత్తురు చూస్తే కళ్లు తిరిగేవాళ్లది పిరికితనం కాదు. మామూలు భయంలో రక్తపోటు పెరుగుతుంది, వీళ్లకు పెరిగి ఒక్కసారిగా పడిపోతుంది. అది పడిపోకుండా చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను 10–15 సెకన్లు, మొహం వెచ్చబడేదాకా బిగించాలి. 20–30 సెకన్లు వదలాలి. ఇలా ఐదుసార్లు. వదిలేటప్పుడు ఒంటిని మరీ సడలిస్తే రక్తపోటు మళ్లీ జారుతుంది.

చెవులు మూసుకుంటే సగం భయం పోతుంది. విరిగిన ఎముక చప్పుడు చాలాసార్లు సెలెరీ అనే ఆకుకూర కాడ విరిచిందే. మౌనం మాత్రం అడవి నుంచి తెచ్చుకున్నదే. దగ్గర్లో అడుగు అదురు తగిలితే కీచురాయి కూత ఆపేస్తుంది. తునికాకు కోసేవాళ్ల ఇంటి పిల్లలకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. సినిమాలో కీచురాళ్లు ఆగగానే వాళ్ల చూపు ముందు కిటికీ వైపు పోతుంది.