సంతకం పెట్టినంత మాత్రాన పూచీ పోదు

విజయవాడ చుట్టుపక్కల కయాకింగ్‌కో (తెడ్డుతో చిన్న పడవ నడపడం), జిప్‌లైన్‌కో (తాడుకు వేలాడుతూ గాల్లో జారడం) వెళితే కొన్నిచోట్ల టికెట్‌తో పాటు ఓ కాగితం చేతికిస్తారు. సన్నటి ఇంగ్లీషు అక్షరాలు, వెనక క్యూ, పక్కన తొందరపెట్టే పిల్లలు. చదవకుండానే సంతకం చేసేస్తాం. ఏం జరిగినా నిర్వాహకులకు సంబంధం లేదన్నది అందులోని సారాంశం.

ఈ ఊళ్లో ఆ మాట ఎత్తితే 2017 నవంబరు 12 గుర్తుకు రాక మానదు. కార్తీక ఆదివారం. కృష్ణా నదిలో పవిత్ర సంగమం వైపు వెళుతున్న ప్రైవేటు బోటు ఫెర్రీ ఘాట్ దగ్గర బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఒంగోలు వాళ్లు. ఆ బోటుకు మనుషుల్ని ఎక్కించుకునే అనుమతే లేదని అధికారులు తర్వాత చెప్పారు. లైఫ్ జాకెట్లు ఇవ్వలేదని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. ముందే అందరిచేతా సంతకాలు పెట్టించుకుని ఉంటే యజమానులు తప్పించుకునేవారా? లేదు. డబ్బు తీసుకుని ప్రమాదకరమైన పడవలో జనాన్ని ఎక్కించడం అప్పటికి అమల్లో ఉన్న 1860 నాటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 282 సెక్షన్ కిందే నేరం. నేరానికి ఎవరూ ముందస్తు మాఫీ రాసివ్వలేరు.

సంతకం పెట్టాక పరిహారం అడగవచ్చా అన్న దగ్గరే చిక్కంతా. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెప్పింది గానీ, ఏది విరుద్ధమో తేల్చే పని జడ్జీలకు వదిలేసింది. బేరమాడే శక్తి లేనివాడి మీద రుద్దిన అన్యాయపు షరతు చెల్లదని 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది ఉద్యోగానికి సంబంధించిన కేసే అయినా, కౌంటర్ దగ్గర మన పరిస్థితీ అంతేగా! 1995లో స్కూలు పిక్నిక్‌కు వెళ్లిన 14 మంది పిల్లలు బియాస్ నదిలో మునిగిపోయిన ఘటనలో, టీచర్ల నిర్లక్ష్యానికి స్కూలే పరిహారం కట్టాలని 2001లో అదే కోర్టు చెప్పింది.

ఆ కాగితం పూర్తిగా పనికిరానిదని అనను. గుండెజబ్బు, ఈత రాకపోవడం లాంటివి అడగడానికి, ఆటలో సహజంగా ఉండే ప్రమాదం ముందే చెప్పామనడానికి అది ఉండాల్సిందే. తెగిపోయే తాడుకు మాత్రం అది రక్ష కాదు.

2019 వినియోగదారుల చట్టం అన్యాయపు కాంట్రాక్టుకు నిర్వచనం ఇచ్చింది. సేవాలోపానికి పరిహారం కావాలంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఆ షరతే అన్యాయమని ఫిర్యాదు చేయాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. కొన్ని వందల రూపాయల టికెట్ కొన్నవాడిని అంతదూరం తిప్పడం సరికాదు. ఆ అధికారం జిల్లా కమిషన్లకూ ఇవ్వాలి.