తిండి ధర, ఒంటి బరువు

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. ఏ దేశంలో ఎంతమంది అధిక బరువుతో ఉన్నారో రంగుల్లో చూపే ప్రపంచ పటాన్ని పంపి, మంచి ప్రశ్నే అడిగారు. డబ్బున్న దేశాల్లోనే జనం లావవుతారనుకుంటే జపాన్ ఎందుకంత లేత రంగులో ఉంది, పసిఫిక్ దీవులు ఎందుకంత ముదురుగా ఉన్నాయి అని. భూగోళం పాఠాలు చెప్పి పెన్షన్ పుచ్చుకుంటున్నవాణ్ని, పటం చూపించి అడిగితే ఊరుకోలేను. ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు కొలత సంగతి. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. వచ్చిన అంకె 25 గానీ అంతకు మించి గానీ ఉంటే అధిక బరువు, 30 గానీ అంతకు మించి గానీ ఉంటే స్థూలకాయం. ఇది పెద్దవాళ్ల లెక్క. మీ వయసు వాళ్లకు వేరే పట్టికలున్నాయి కాబట్టి కాలిక్యులేటర్ పట్టుకుని ఒకరినొకరు వెక్కిరించుకోవద్దు. అసలు 1830ల ప్రాంతంలో కెట్లే అనే బెల్జియం గణితవేత్త జనసమూహాల తీరు తెలుసుకోవడానికి కట్టిన లెక్క ఇది. ఒక్క మనిషి మీద తీర్పు చెప్పడానికి కట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదాని ప్రకారం 2022లో పెద్దవాళ్లలో 43 శాతం, అంటే 250 కోట్ల మంది, అధిక బరువుతో ఉన్నారు. ఇంతమందికీ ఒకే తరంలో తిండియావ, బద్ధకం పుట్టుకొచ్చాయంటే నేను నమ్మను. మారింది మనుషుల గుణం కాదు, వాళ్ల చుట్టూ ఉన్న ధరలు, పనులు, ఊళ్లు.

నౌరు సంగతి చూడండి. పసిఫిక్‌లో 21 చదరపు కిలోమీటర్ల దీవి దేశం, జనాభా పన్నెండు వేల చిల్లర. మన దగ్గర ఓ పెద్ద గ్రామమంత. పూర్వం చేపలు, కొబ్బరి, మొగలి జాతి చెట్టు పండ్లు తిని బతికేవారు. దీవి నిండా ఫాస్ఫేట్ ఉందని 20వ శతాబ్దం మొదట్లో బయటివాళ్లకు తెలిసింది. పొలాలకు ఎరువు కావాలి కదా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ కలిసి దశాబ్దాలపాటు తవ్వుకుపోయాయి. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ డబ్బు నౌరు ప్రజల చేతికి వచ్చింది. 1970లలో తలసరి ఆదాయంలో ఆ చిన్న దీవి ప్రపంచంలోనే పై వరుసలో నిలిచింది. అప్పటికే దీవి నడిభాగం తవ్విన మేరకు మొక్క మొలవని రాతిమొనల దిబ్బ అయిపోయింది. ఓడల్లో బియ్యం, మైదా, చక్కెర, డబ్బాల్లో నిల్వ చేసిన మాంసం దిగాయి. ఆ దశాబ్దంలోనే అక్కడి మధుమేహాన్ని చూసి వైద్యులు నివ్వెరపోయారు. ఆ తర్వాత ఫాస్ఫేట్ తరిగిపోయింది, డబ్బూ కరిగిపోయింది. ఓడలో వచ్చే తిండి మాత్రం ఆగలేదు, ఎందుకంటే పండించుకోవడానికి నేల లేదు. ఇవాళ అక్కడి పెద్దవాళ్లలో సగానికి బాగా మించి స్థూలకాయులే. డబ్బు వచ్చినప్పుడు పెరిగిన బరువు డబ్బు పోయినప్పుడు తగ్గలేదన్నమాట. దేశం ధనికమా పేదదా అన్న ఒక్క ప్రశ్నతో పటాన్ని చదవలేకపోవడానికి కారణం ఇదే.

అదే పసిఫిక్‌లో ఉన్న ఇంకో దీవి దేశం సమోవా కథ వింటే నాకు కోపం వస్తుంది. అమెరికాలో పెద్దగా ఎవరూ కొనని టర్కీ కోడి తోకలు, అంటే దాదాపు కొవ్వు ముద్దలు, అక్కడికి చవకగా దిగుమతి అయ్యేవి. 2007లో సమోవా వాటిని నిషేధించింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాలంటే ఆ నిషేధం ఎత్తేయక తప్పదన్నారు. ఎత్తేయడానికి ఒప్పుకుని, 2012లో చేరింది. న్యూజిలాండ్ నుంచి వచ్చే కొవ్వుపట్టిన గొర్రె పొట్ట మాంసం అమ్మకాన్ని ఫిజీ 2000లోనే ఆపింది. ఎవరి పళ్లెంలో ఏముండాలో ఎక్కడెక్కడి ఒప్పందాల్లో తేలుతుందో చూశారా!

జపాన్ విషయం త్వరగా చెప్పేస్తాను. అక్కడ నూటికి ఐదారుగురు మాత్రమే స్థూలకాయులు. అమెరికాలో ఆ సంఖ్య నలభై దాకా ఉంటుంది. రెండూ ధనిక దేశాలే. జపాన్‌లో బడి భోజనానికి 1954లోనే చట్టం చేశారు, ఆహారం గురించి నేర్పడానికి 2005లో ఇంకొకటి. పిల్లలే వంతులవారీగా వడ్డించుకుని, అందరూ అదే తింటారు. పెద్దవాళ్లు స్టేషన్ దాకా నడిచి రైలెక్కుతారు. నడకను ఎవరూ వ్యాయామం అనుకోరు, అది ప్రయాణంలో భాగం.

ఇప్పుడు అసలు మలుపు. పేద దేశంలో ముందుగా బరువు పెరిగేది డబ్బున్నవాళ్లు, పట్నవాసులు. దేశం ఆదాయం పెరిగేకొద్దీ ఆ బరువు మెల్లగా పేదవాళ్ల వైపు, అందులోనూ ముందు ఆడవాళ్ల వైపు జరుగుతుంది. ఇంగ్లండ్‌లో ఏటా బడి పిల్లల బరువు తూస్తారు. అత్యంత పేద ప్రాంతాల పిల్లల్లో స్థూలకాయం సంపన్న ప్రాంతాల పిల్లల్లో కంటే రెట్టింపుకు పైగా ఉంటుంది. రెండు చోట్ల పనిచేసి, బస్సు పట్టుకుని రాత్రికి ఇల్లు చేరే తల్లికి కూరగాయలు తరిగే తీరిక ఎక్కడిది? అదే డబ్బుకు కడుపు ఎక్కువ నింపేది నూనె, చక్కెర, మైదా కలిసిన పొట్లమే. పండ్లు అంత చవక కావు, నిల్వ కూడా ఉండవు. సాయంత్రం వీధిలో నడవడానికి భయం ఉన్న చోట నడవమని సలహా ఇవ్వడం ఎగతాళి చేయడమే. పేదలుండే వాడలో కూరగాయల దుకాణం ఒకటి తెరిచినంత మాత్రాన తిండి పెద్దగా మారలేదని కూడా అమెరికాలో తేలింది. జేబూ తీరికా మారకపోతే దుకాణం ఏం చేస్తుంది?

నాకు అన్నిటికంటే గట్టిగా తోచిన ఆధారం ఒకటుంది. 1990లలో అమెరికా ప్రభుత్వం ఐదు నగరాల్లో, కడు పేద వాడల్లో ఉండే కుటుంబాల మధ్య లాటరీ తీసింది. పేరు వచ్చినవాళ్లలో కొందరికి, పేదరికం తక్కువున్న ప్రాంతానికి మారితేనే చెల్లే అద్దె సహాయం ఇచ్చింది. వాళ్లకు ఏం తినాలో ఎవరూ చెప్పలేదు, వ్యాయామం నేర్పలేదు. పది పదిహేనేళ్ల తర్వాత చూస్తే ఆ మహిళల్లో తీవ్ర స్థూలకాయం, మధుమేహం మిగతావాళ్లలో కంటే కొంత తక్కువగా ఉన్నాయి. తేడా బ్రహ్మాండమైనదేమీ కాదు. కానీ ఇల్లు మారితే ఒళ్లు మారడం చిన్న విషయమా?

మన దగ్గరికి వద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, తెలంగాణలో 30, బీహార్‌లో 16. అదే సర్వేలో ఉండాల్సినంత బరువు లేనివారు ఆంధ్రలో 15 శాతం దాకా, తెలంగాణలో 19 శాతం దాకా ఉన్నారు. మనం మలుపు మధ్యలో ఉన్నాం. ఒకే వీధిలో రెండు కష్టాలూ కనిపిస్తాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో ఆకలి తీరిందో నాకు తెలుసు, దాన్ని తప్పు పట్టే మాట నా నోట రాదు. అయితే పప్పు, కూర, పండు అంత చవక కాలేదు. పళ్లెంలో అన్నం కొండ, పక్కన కాస్త పచ్చడి. ఈజిప్టులోనూ ఇదే వరస. అక్కడ రాయితీ రొట్టె ధరను ప్రభుత్వం ముప్పై ఏళ్లకు పైగా కదపకుండా ఉంచి, 2024లోనే పెంచింది. చవకగా దొరికేది రొట్టె, నూనె, చక్కెర. అక్కడి మహిళల్లో సగం మందికి స్థూలకాయం ఉంది. మగవాళ్లలో అంత లేదు. బయట తిరిగే పనీ ఆటస్థలమూ ఎవరికి దక్కుతున్నాయో గమనిస్తే కారణం కొంత తెలుస్తుంది.

ఏమీ చేయలేమా అంటారేమో. మెక్సికోలో కొన్ని ఊళ్లలో శుభ్రమైన తాగునీటి కంటే శీతల పానీయమే తేలికగా దొరుకుతుంది. 2014 జనవరి నుంచి ఆ దేశం తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. కంపెనీలు గట్టిగానే ఎదిరించాయి. పేదవాళ్లకు ఈ పన్ను భారమవుతుందే తప్ప అలవాటు మారదన్నవాళ్లూ ఉన్నారు. మొదటి ఏడాదిలో ఆ పానీయాల కొనుగోళ్లు సగటున 6 శాతం తగ్గాయి. ఎక్కువగా తగ్గించుకున్నది పేద కుటుంబాలే. అంతకుముందే ఉద్యమకారులు పెట్టిన డిమాండు ఇంకొకటుంది, పన్ను డబ్బుతో బడుల్లో తాగునీటి కుళాయిలు పెట్టించాలని.

ఇట్లు
మీ తాతయ్య