ఎక్రోను: ఫిలిష్తీయుల నూనె ఊరు

బైబిల్ చదివేవాళ్ళకి ఎక్రోను పేరు ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది కానీ అక్కడ ఆగి చూసినవాళ్ళు తక్కువ. గాజా, అష్కెలోను, అష్డోదు, గాతు అని ఫిలిష్తీయుల (ఇశ్రాయేలీయులతో ఎప్పుడూ తలపడే పక్క మైదానం జనం) ఐదు పట్టణాలు చెప్పుకుంటూ పోతే చివర్లో వచ్చే పేరది. గాతుకి గొల్యాతు ఉన్నాడు, గాజా అంటే సమ్సోను గుర్తొస్తాడు, ఎక్రోనుకి అలా ఎవరూ లేరు. ఇశ్రాయేలీయుల దగ్గర్నుంచి ఫిలిష్తీయులు ఎత్తుకొచ్చిన మందసం, అంటే వాళ్ళ దేవుడి పవిత్రమైన పెట్టె, తమ ఊరికి రాగానే మమ్మల్ని చంపడానికే తెచ్చారు బాబోయ్ అని జనం గోలపెడితే, దాన్ని బండెక్కించి రెండు పాడి ఆవుల్ని కట్టి, బంగారు గడ్డలు బంగారు పందికొక్కులు పక్కన పెట్టి ఇశ్రాయేలీయుల ఊరు బేత్షెమెషు వైపు పంపేసిన కథ ఒకటి. మేడ మీంచి పడ్డ ఇశ్రాయేలు రాజు అహజ్యా నేను బతుకుతానా లేదా కనుక్కు రండి అని ఇక్కడి దేవుడు బయల్జెబూబు దగ్గరికి మనుషుల్ని పంపితే ఏలీయా ప్రవక్త దారిలోనే ఆపి తిట్టి వెనక్కి పంపిన కథ ఇంకోటి. ఇవి పోగా మిగిలేది దాదాపు ఆమోసు, జెఫన్యా లాంటి ప్రవక్తల శాపాలే.

ఆ శాపాలు చదివి ఊరిని ఊహించుకుంటే మాత్రం అసలు సంగతి అందదు. క్రీ.పూ. 7వ శతాబ్దంలో ఎక్రోను ఒక ఫ్యాక్టరీ టౌన్, ఆ కాలపు ప్రపంచంలో ఇప్పటిదాకా మనకి తెలిసిన అతి పెద్ద ఆలివ్ నూనె కేంద్రాల్లో ఒకటి. ఈ విషయం నేలని తవ్వితేనే తెలిసింది.

జెరూసలేముకి నైరుతిగా దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో, కొండలు అయిపోయి మైదానం మొదలయ్యే చోట ఖిర్బెత్ అల్ ముఖన్నా అని ఒక పాటిదిబ్బ ఉంది, హీబ్రూలో తెల్ మిక్నె అంటారు. 1924లో ఆల్‌బ్రైట్ అనే పేరుమోసిన పండితుడు ఇది ఎల్తెకే అనే వేరే ఊరని తేల్చేశాడు. తర్వాత 1957లో జోసెఫ్ నవే ఆ దిబ్బ చుట్టూ తిరిగి సర్వే చేసి, ఇంత పెద్ద ప్రహరీ ఉన్న ఊరు ఏదో చిన్న పల్లె అయ్యే ఛాన్సే లేదు, ఇది ఎక్రోనే అన్నాడు. 1981 నుంచి 1996 దాకా త్రూద్ దోతన్, సేమూర్ గితిన్ కలిసి తవ్వించారు. ఏళ్ళ తరబడి తవ్వారు, కుండలు వచ్చాయి, గోడలు వచ్చాయి, వెండి దాచుకున్న ముంతలు కూడా వచ్చాయి, ఊరి పేరు మాత్రం ఎక్కడా రాలేదు.

చివరికి తవ్వకాలు ముగిసే సంవత్సరం 1996లో, ఒక పెద్ద గుడి శిథిలాల్లో సున్నపురాయి దిమ్మ ఒకటి దొరికింది, దాని మీద ఐదు లైన్ల శాసనం. పాదీ కొడుకు ఆకీషు, ఎక్రోను ఏలిక, తన దేవత కోసం ఈ గుడి కట్టించాడు, ఆమె అతన్ని దీవించాలి, కాపాడాలి, ఆయుష్షు పెంచాలి, అతని భూమిని దీవించాలి, ఇదీ స్థూలంగా అందులో ఉన్నది. తండ్రి, తాత, ముత్తాత, ఆ పై తాత పేర్లు కూడా వరసగా చెక్కించాడు, అంటే ఒకే రాయి మీద ఐదు తరాలు. ఊరి పేరు, రాజు పేరు కలిసి ఆ ఊరి మట్టిలోనే, కదలని కట్టడంలో దొరకడం పురావస్తు శాస్త్రంలో చాలా అరుదు, ఎందుకంటే బైబిల్ ఊళ్ళలో చాలావాటిని దూరాలు లెక్కేసి, పాత పేరుకి దగ్గరగా వినిపించే అరబ్బీ పేరు వెతికి గుర్తుపడతారు, వాటి మీద వాదనలు ఎప్పటికీ తెగవు.

దీనికి బయటి సాక్ష్యం కూడా ఉండటం నాకు ఇంకా నచ్చుతుంది. అప్పట్లో ఈ ప్రాంతం మీద పెత్తనం చేసిన అస్సీరియా సామ్రాజ్యపు రాజుల రికార్డుల్లో ఈ తండ్రీకొడుకులిద్దరూ ఉన్నారు. క్రీ.పూ. 701లో జరిగింది అస్సీరియా రాజు సన్హెరీబు తన శాసనాల్లో గొప్పగా చెప్పుకున్నాడు. ఎక్రోను పెద్దలు అస్సీరియా మీద తిరగబడి, అస్సీరియాకి నమ్మకంగా ఉన్న తమ రాజు పాదీని ఇనుప సంకెళ్ళేసి జెరూసలేములో ఉన్న యూదా రాజు హిజ్కియాకి అప్పగించారు. సన్హెరీబు వచ్చాడు, ఎల్తెకే దగ్గర ఈజిప్టు సైన్యాన్ని కొట్టాడు, ఎక్రోనుని పట్టుకున్నాడు, తిరుగుబాటు చేసిన పెద్దల్ని చంపి శవాల్ని ఊరి చుట్టూ వేలాడదీశానని రాయించుకున్నాడు. పాదీని జెరూసలేము నుంచి రప్పించి మళ్ళీ సింహాసనం మీద కూర్చోబెట్టాడు. కొడుకు ఆకీషు పేరు తర్వాతి రాజులు ఎసర్హద్దోను, అషూర్బనిపాల్ లిస్టుల్లో ఇకౌసు అని కనిపిస్తుంది, ఎసర్హద్దోను లిస్టులో అయితే అస్సీరియా రాజధాని నీనెవెలో ప్యాలెస్ కట్టడానికి సామాను పంపిన సామంతుల్లో ఒకడిగా.

ఇక్కడే నూనె కథ మొదలవుతుంది. యూదా నుంచి లాక్కున్న ఊళ్ళని అష్డోదు, ఎక్రోను, గాజా రాజులకి పంచి ఇచ్చానని కూడా సన్హెరీబు అదే శాసనంలో చెప్పాడు. ఎక్రోనుకి తూర్పున ఉన్న ఆ కొండలు ఆలివ్ చెట్లకి పెట్టింది పేరు. ఊరు మైదానంలో, ముడిసరుకు పక్క కొండల్లో, ఆ పైన సామ్రాజ్యం అండ, ఇంతకంటే ఏం కావాలి? నాలుగు హెక్టార్లకి ముడుచుకుపోయి ఉన్న ఊరు ఒక్కసారిగా 30 హెక్టార్లు దాటి పెరిగింది.

తవ్వినవాళ్ళు, ఉపరితలం సర్వే చేసినవాళ్ళు కలిసి లెక్కేస్తే 115 నూనె యూనిట్లు తేలాయి. మన గానుగలా ఎద్దు చుట్టూ తిరిగే పద్ధతి కాదిది. మధ్యలో రాతి తొట్టి, అందులో కాయలు పోసి రాతి రోలర్‌తో నలిపేవాళ్ళు. ఆ ముద్దని అల్లిన బుట్టల్లోకి ఎత్తి, అటూ ఇటూ ఉన్న రాతి పీపాల మీద ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనుంచి పొడుగాటి దూలం వేసేవాళ్ళు. దూలం ఒక చివర గోడ గూట్లో దిగి ఉంటుంది, రెండో చివర చిల్లులు పెట్టిన బరువైన రాళ్ళు వేలాడతాయి, ఆ బరువుకి బుట్టలు నలిగి నూనె, చేదు నీళ్ళు కలిసి కిందికి కారతాయి, కాసేపాగితే నూనె పైకి తేలుతుంది. ఒక యూనిట్ ఎంత తీయగలదు, సీజన్ ఎన్ని నెలలు అని లెక్కగట్టి ఊరి మొత్తం మీద ఏడాదికి వెయ్యి టన్నుల దాకా తీసి ఉండొచ్చని అంచనా వేశారు. అంచనా అన్న మాట మర్చిపోవద్దు, అన్నీ ఒకేసారి ఫుల్ కెపాసిటీలో నడిచాయని గ్యారంటీ ఏమీ లేదు, సగమే అనుకున్నా అప్పటికి అది భారీ లెక్కే.

ఆలివ్ సీజన్ ఏడాదిలో కొన్ని నెలలే, మిగతా రోజులు ఈ షెడ్లు ఖాళీగా ఉండేవా అంటే లేదు, అదే గదుల్లో మగ్గం దారాలు బిగువుగా వేలాడ్డానికి కట్టే మట్టి గుండ్లు బోలెడన్ని దొరికాయి. అంటే సీజన్ అయిపోగానే నేత పని పెట్టుకునేవాళ్ళన్నమాట. ఇంకో విచిత్రం, నాలుగు మూలలా కొమ్ములున్న చిన్న చిన్న రాతి బలిపీఠాలు కూడా ఈ పని షెడ్లలోనే ఉన్నాయి.

ఇదంతా అస్సీరియా ప్లాన్ చేసి పెట్టించిన పరిశ్రమ అని గితిన్ వాదన. నదవ్ నామాన్ లాంటి చరిత్రకారులు ఒప్పుకోరు, అస్సీరియా వాళ్ళకి కప్పం కావాలి గానీ ఫ్యాక్టరీలు పెట్టే ఓపిక ఎక్కడిది, శాంతి దొరికింది, ఓడరేవు వ్యాపారులు ఉన్నారు, కొనడానికి ఈజిప్టు ఉంది, ఊరివాళ్ళే సొంతంగా పెంచుకున్నారని వాళ్ళంటారు. నాకు ఈ రెండో వాదనే సబబుగా అనిపిస్తుంది. పాదీ సంకెళ్ళ కథ చూసినా, ఆ ఊరివాళ్ళు పైనుంచి ఆర్డర్ వస్తే తలూపే రకంలా లేరు.

మళ్ళీ ఆకీషు శాసనానికొస్తే, అందులో బయల్జెబూబు ఎక్కడా లేడు. ఒక జాడీ మీద "బయలుకీ పాదీకీ" అని రాసి ఉంది గానీ గుడి కట్టింది మాత్రం బైబిల్లో ఊసే లేని ఒక దేవతకి. శాసనం అక్షరాలు ఉత్తరాన తీరంలో ఉన్న ఫినీషియన్ల లిపికి దగ్గరగా ఉన్నాయి, భాష కనాను ప్రాంతానిదే, ఆకీషు అన్న రాజు పేరు చూస్తే గ్రీసు వైపు నుంచి వచ్చినట్టుంది, దావీదు పారిపోయి చేరిన గాతు రాజు పేరు కూడా ఇదే. ఫిలిష్తీయులు సముద్రం దాటి వచ్చారన్న పాత మాటకి 2019లో అష్కెలోను ఎముకల డీఎన్ఏ బలం ఇచ్చింది, క్రీ.పూ. 12వ శతాబ్దం దగ్గర్లో పూడ్చిన పసిపిల్లల డీఎన్ఏలో దక్షిణ యూరప్ పూర్వీకుల వాటా కనపడింది, రెండొందల ఏళ్ళలోపే అది స్థానికుల్లో కలిసి దాదాపు కనపడకుండా పోయింది. రక్తం కలిసిపోయినా పేర్లు మాత్రం ఇంకో మూడు నాలుగు వందల ఏళ్ళు నిలబడ్డాయి.

అస్సీరియా పడిపోయాక బాబిలోను వచ్చింది. ఈజిప్టులో సక్కారా దగ్గర 1942లో ఒక పపైరస్ ఉత్తరం దొరికింది, అదోన్ అనే రాజు ఫరోకి అరామిక్‌లో రాసింది, బాబిలోను సైన్యం అఫేకు దాకా వచ్చేసింది, సైన్యాన్ని పంపండి అని. ఏ ఊరి రాజో ఉత్తరంలో మిగల్లేదు, వెనక ఉన్న ఈజిప్టు గుమాస్తా నోట్‌ని బట్టి ఎక్రోను అని చాలామంది చదువుతారు. క్రీ.పూ. 604 ప్రాంతంలో బాబిలోను రాజు నెబుకద్నెజరు ఊరిని తగలబెట్టాడు, గుడి కూలి ఆ శాసనం రాయి దాని కిందే ఉండిపోయింది, ఊరు మళ్ళీ ఆ స్థాయికి లేవలేదు. ఫిలిష్తీయుల రాజ కుటుంబాల్లో కొందరు బాబిలోనులో తేలారు, అక్కడి రేషన్ పలకల్లో అష్కెలోను రాజు కొడుకులకి, యూదా రాజు యెహోయాకీనుకి సర్కారు గిడ్డంగి నుంచి నూనె కొలిచి ఇచ్చిన లెక్కలు ఉన్నాయి.